1848: ఒకే ఏడాదిలో అన్ని సింహాసనాలు ఎందుకు కదిలాయి, మళ్లీ ఎలా కుదురుకున్నాయి?

2022 జులైలో కొలంబోలో జనం అధ్యక్ష భవనంలోకి దూసుకెళ్లి ఈతకొలనులో దూకడం, మంచాల మీద పడుకుని ఫోటోలు దిగడం మనమంతా టీవీల్లో చూశాం. దానికి 174 ఏళ్ల కిందట, 1848 ఫిబ్రవరి 24న, పారిస్‌లోనూ దాదాపు ఇలాగే జరిగింది. ట్వీలరీ రాజభవనంలోకి వెళ్లిన జనం రాజుగారి సింహాసనం మీద ఒకరి తర్వాత ఒకరు కూర్చుని చూశారు. ఆ తర్వాత దాన్ని మోసుకెళ్లి బాస్టీల్ కూడలిలో తగలబెట్టారు. రాజు లూయీ ఫిలిప్ ‘మిస్టర్ స్మిత్’ అనే మారుపేరుతో ఇంగ్లండ్‌కి పారిపోయాడు.

పారిస్ ఒక్కటే అయితే దాన్ని ఫ్రాన్సు చరిత్రలో ఒక ఘట్టంగా చదివి వదిలేసేవాళ్లం. కానీ ఆ జనవరిలో సిసిలీలోని పాలెర్మోలో మొదలైన తిరుగుబాటు మార్చి ముగిసేలోపు పారిస్, వియన్నా, పెస్ట్ (నేటి బుడాపెస్ట్‌లో భాగం), బెర్లిన్, మిలాన్, వెనిస్ నగరాలకు పాకింది. రైళ్లు అప్పుడప్పుడే వస్తున్న కాలంలో, ఫోన్లు లేని కాలంలో ఇలా జరిగింది. దాన్ని ‘ప్రజల వసంతం’ అన్నారు. 2011లో ట్యునీషియా, ఈజిప్టు ఉద్యమాలకు ‘అరబ్ వసంతం’ అన్న పేరు వచ్చింది ఈ మాట నుంచే. ఎక్కడ ప్రభుత్వం కూలినా 1848 ప్రస్తావన రావడం అప్పటి నుంచీ ఉన్నదే.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకి మాత్రం ఈ ఏడాది పెద్ద తలనొప్పి. డజను దేశాలు, నోరు తిరగని పేర్లు, చివరికి గైడులో ఒకే వాక్యం: ‘1848 విప్లవాలు విఫలమయ్యాయి.’ ఏ విప్లవం, ఎవరిది, ఏ కోరిక విఫలమైందో ఆ వాక్యం చెప్పదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముందుగా కొన్ని మాటలకు అర్థం

1848లో వీధుల్లో నిలబడ్డవాళ్లంతా ‘స్వేచ్ఛ’ అనే అరిచారు. ఆ మాటకు ఒక్కొక్కరి మనసులో ఒక్కో అర్థం ఉండేది.

లాయర్లు, ప్రొఫెసర్లు, ఫ్యాక్టరీ యజమానులు ఎక్కువగా ఉదారవాదులు. వాళ్ల దృష్టిలో స్వేచ్ఛ అంటే రాతపూర్వకమైన రాజ్యాంగం, ఎన్నికైన సభ, పత్రికల మీద సెన్సారు లేకపోవడం. రాజు ఉన్నా ఫరవాలేదు, చట్టానికి లోబడి ఉంటే చాలు. ఓటు మాత్రం ఆస్తి, చదువు ఉన్నవాళ్ల చేతుల్లోనే ఉండాలి.

వాళ్లకంటే ఒక అడుగు ముందున్నవాళ్లు రాడికల్స్. మగవాళ్లందరికీ ఓటు కావాలన్నారు, వీలైతే రాజే వద్దన్నారు. ఇంకో అడుగు ముందున్న సోషలిస్టులు, ఓటు సరే, పని సంగతేంటి అని అడిగారు. పని దొరకడం మనిషి హక్కని, ఆ పూచీ ప్రభుత్వానిదేనని వాళ్ల వాదన.

జాతీయవాదులది వేరే లెక్క. ఒకే భాష, ఒకే చరిత్ర ఉన్న జనానికి ఒక దేశం ఉండాలన్నది వాళ్ల కోరిక. అప్పటికి జర్మనీ అనే దేశం లేదు, 39 రాజ్యాల కూటమి ఉండేది. ఇటలీ కూడా ముక్కలు ముక్కలుగా ఉండేది. ఆస్ట్రియా సామ్రాజ్యంలో మాత్రం జర్మన్లు, హంగేరియన్లు, చెక్‌లు, పోలిష్‌లు, క్రొయేషియన్లు, రొమేనియన్లు, ఇటాలియన్లు అంతా ఒకే చక్రవర్తి కింద ఉన్నారు.

ఇక ఊళ్లలో రైతు కోరిక ఒక్కటే: వెట్టి పోవాలి. తూర్పు, మధ్య ఐరోపాలో చాలాచోట్ల రైతు వారంలో కొన్ని రోజులు, కొన్నిచోట్ల మూడు రోజుల దాకా, దొర పొలంలో కూలి లేకుండా పనిచేయాలి. తెలంగాణ పల్లెల్లో దొరల కాలం కథలు విన్నవాళ్లకి దీన్ని వివరించి చెప్పక్కర్లేదు.

రొట్టె ధర పెరిగితే నేతగాడి పని ఎలా పోతుంది?

1845లో బంగాళాదుంపకు తెగులు పట్టింది. పేదల ప్రధాన ఆహారం అదే. ఐర్లండ్‌లో ఆ కరువుకు కొన్నేళ్లలో దాదాపు పది లక్షల మంది చనిపోయారు. 1846లో ఐరోపాలో చాలాచోట్ల గోధుమ, రై పంటలు కూడా దెబ్బతిన్నాయి. ధరలు చాలాచోట్ల రెట్టింపయ్యాయి. 1847 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో జనం బంగాళాదుంపల కోసం దుకాణాల మీద పడ్డారు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. 1847 చివరికి పంటలు బాగుపడి ధరలు దిగొచ్చాయి. విప్లవాలు మాత్రం 1848లో వచ్చాయి. ఆకలే కారణమైతే ఆకలి తీరే వేళ ఎందుకు తిరగబడ్డారు?

దీనికి ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసమే. ఒక నేతగాడికి వారానికి 10 నాణేలు వస్తాయి. రొట్టెకు 5, అద్దెకు 2, బట్టలకు, చెప్పులకు, మిగతావాటికి 3. రొట్టె ధర రెట్టింపైతే మొత్తం 10 దానికే పోతాయి. అద్దె కోసం అప్పు చేస్తాడు, బట్ట కొనడం ఆపేస్తాడు. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఇదే పరిస్థితి అయితే బట్ట కొనేవాడే ఉండడు. అప్పుడు మొదట వీధిన పడేది ఆ నేతగాడే. తర్వాత అతనికి నూలు అరువిచ్చిన వ్యాపారి, ఆ వ్యాపారికి అప్పిచ్చిన బ్యాంకు. ఏడాది తిరిగేసరికి రొట్టె మళ్లీ 5 నాణేలకే దొరుకుతుంది. అప్పటికి నేతగాడి చేతిలో పని లేదు, నెత్తిన అప్పుంది.

1848 నాటి పరిస్థితి ఇదే. ధాన్యం సంక్షోభం వెనకే అప్పుల సంక్షోభం, నిరుద్యోగం వచ్చాయి. చాలామంది చరిత్రకారులు ఇంతవరకూ ఒప్పుకుంటారు. ఆకలి ఒక్కదానితోనే విప్లవం వస్తుందా అన్నదగ్గర మాత్రం అభిప్రాయాలు వేరవుతాయి. అందరికంటే ఘోరంగా అలమటించిన ఐర్లండ్‌లో ఆ జులైలో జరిగింది బాలింగారీ అనే ఊళ్లో పోలీసులతో ఒక చిన్న ఘర్షణ మాత్రమే. బతుకే ప్రశ్నైన చోట తిరగబడే ఓపిక కూడా ఉండదు. కాబట్టి ఆకలితో పాటు ఇంకేదో కావాలి. ఆ ఇంకేదో పారిస్‌లో దొరికింది.

పారిస్‌లో మూడు రోజులు

ఫ్రాన్స్ జనాభా అప్పుడు మూడున్నర కోట్లు. ఏడాదికి 200 ఫ్రాంకుల ప్రత్యక్ష పన్ను కట్టే మగవాళ్లకే ఓటు. అంటే దాదాపు రెండున్నర లక్షల మంది. సుమారు 140 మందిలో ఒకరు. మంచి డాక్టరుకైనా, పేరున్న పత్రికా సంపాదకుడికైనా అంత పన్ను కట్టే ఆస్తి లేకపోతే ఓటు లేదు.

రాజకీయ సభలు పెట్టుకోవడానికి అడ్డంకులుండేవి. అందుకని ప్రతిపక్షం విందులు పెట్టింది. టికెట్ కొనుక్కుని భోజనానికి వస్తారు, భోజనాల మధ్య ఓటు హక్కు గురించి ప్రసంగాలు. ఫిబ్రవరి 22న పారిస్‌లో జరగాల్సిన పెద్ద విందును ప్రభుత్వం నిషేధించింది. జనం వీధుల్లోకి వచ్చారు. మర్నాడు రాజు భయపడి ప్రధాని గీజోను తప్పించాడు. జనం సంతోషించారు, ఇళ్ల కిటికీల్లో దీపాలు పెట్టారు. గొడవ అక్కడితో ముగిసిపోయేదే.

ఆ రాత్రి బులెవార్ ద కపుసీన్ అనే వీధిలో, విదేశాంగ శాఖ భవనం దగ్గర, ఊరేగింపు సైనికుల వరసకు ఎదురైంది. ఎక్కడి నుంచో ఒక తుపాకీ పేలింది. సైనికులు బెదిరిపోయి కాల్పులు జరిపారు. దాదాపు 50 మంది చనిపోయారు. జనం ఆ శవాల్లో కొన్నింటిని బండి మీద వేసుకుని, కాగడాల వెలుగులో, పేదలుండే వీధులన్నీ తిప్పారు. తెల్లారేసరికి నగరమంతా బారికేడ్లు లేచాయి. బారికేడ్ అంటే ఇప్పుడు మనకు పోలీసులు రోడ్డు మీద పెట్టే ఇనప కంచె గుర్తొస్తుంది. అప్పుడది జనం కట్టుకునే గోడ. గుర్రాల బస్సును పడదోసి, దానికి ముందు రోడ్డులోని రాతి పలకలు పెళ్లగించి పేర్చి, చెట్లు నరికి అడ్డం వేసేవారు. ఇరుకు సందులో అలాంటి గోడ ఒకటి లేస్తే ఆశ్విక దళం ముందుకు రాలేదు.

24వ తేదీ మధ్యాహ్నానికి రాజు గద్దె దిగాడు. ఫ్రాన్స్ గణతంత్రమైంది. కొన్ని రోజుల్లోనే మగవాళ్లందరికీ ఓటు ఇస్తున్నట్టు ప్రకటించారు. రెండున్నర లక్షల ఓటర్లు ఒక్కసారిగా 90 లక్షలయ్యారు.

నిప్పు ఎలా పాకింది

పారిస్ వార్త రైలు మీద, ఆవిరి ఓడ మీద, పత్రికల్లో ప్రయాణించింది. వియన్నాలో కాఫీ హోటళ్లలో ఒకరు బల్లెక్కి పేపరు పైకి చదివితే మిగతావాళ్లు వినేవారు. మార్చి 13న అక్కడి విద్యార్థులు, పనివాళ్లు తిరగబడ్డారు. దాదాపు నలభై ఏళ్లుగా ఆస్ట్రియా విదేశాంగాన్ని నడిపి, ఐరోపాలో ఎక్కడ మార్పు మాట వినిపించినా తొక్కిపెట్టిన మెట్టర్నిక్ రాజీనామా చేసి ఇంగ్లండ్ దారి పట్టాడు. మెట్టర్నిక్కే పోయాడంటే ఇక ఎవరైనా పోతారని జనానికి ధైర్యం వచ్చింది. రెండు రోజుల్లో హంగేరీలోని పెస్ట్ నగరంలో యువకవి పెటోఫీ, అతని మిత్రులు సెన్సారు అనుమతి లేకుండా 12 డిమాండ్ల పత్రం అచ్చేసి పంచారు.

ఆస్ట్రియా ఏలుబడిలోని మిలాన్‌లో అయితే జనవరి నుంచే పొగ రాజుకుంటోంది, మాటవరసకి కాదు. పొగాకు మీద వచ్చే ఆదాయం ఆస్ట్రియా ఖజానాకు పోతుంది కాబట్టి ఊరంతా చుట్టలు తాగడం మానేసింది. ఆస్ట్రియా సైనికులు కావాలని వీధుల్లో చుట్టలు కాలుస్తూ, జనం ముఖాల మీద పొగ ఊదుతూ తిరిగారు. కొట్లాటలై ప్రాణాలు పోయాయి. మన ఉప్పు సత్యాగ్రహానికి 82 ఏళ్ల ముందు మాట ఇది. మార్చి 18న మొదలైన పోరులో మిలాన్ జనం అయిదు రోజుల్లో ఆ సైన్యాన్ని ఊరి బయటికి తరిమారు.

అదే మార్చి 18న, జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా రాజధాని బెర్లిన్‌లో జనం రాజభవనం ముందు గుమిగూడింది నిజానికి రాజుకు జేజేలు కొట్టడానికే. సంస్కరణలు ప్రకటించాడని తెలిసి వచ్చారు. గుంపును ఖాళీ చేయించే హడావుడిలో రెండు తూటాలు పేలాయి. ఎవరికీ తగల్లేదు. అయినా మోసం చేశారన్న కేక ఊరంతా పాకింది, రాత్రంతా యుద్ధమైంది. మర్నాడు చనిపోయినవాళ్ల శవాలను రాజభవనం ముంగిట్లోకి తెచ్చి, గాయాలు కనిపించేలా పెట్టి, రాజును పిలిచారు. నాలుగో ఫ్రెడరిక్ విలియం బయటికి వచ్చాడు. టోపీ తియ్యమని జనం అరిచారు. తీశాడు. ప్రష్యా రాజు వడ్రంగుల, కుట్టుపనివాళ్ల శవాల ముందు టోపీ తీసి నిలబడ్డ ఆ క్షణాన్ని మించి 1848ని చెప్పే దృశ్యం ఇంకొకటి లేదని నాకనిపిస్తుంది.

కలిసి నిలబడ్డవాళ్లు ఎక్కడ విడిపోయారు?

మార్చిలో అందరూ గెలిచారు. ఆ తర్వాత ‘స్వేచ్ఛ’ అనే మాటను కాగితం మీద పెట్టాల్సి వచ్చింది. మూడు చోట్ల ఏం జరిగిందో చూస్తే విషయం తేలిపోతుంది.

మొదటిది ఫ్రాన్స్. కొత్త ప్రభుత్వం పని లేనివాళ్ల కోసం జాతీయ పనిశాలలు పెట్టింది. మన ఉపాధి హామీ లాంటి ఆలోచన. పని ఉన్న రోజు 2 ఫ్రాంకులు, లేని రోజు అంతకంటే తక్కువ. జూన్ నాటికి అందులో చేరినవాళ్లు లక్ష దాటారు. ఖర్చు పెరిగింది, ఖజానా ఖాళీ. ప్రభుత్వం ప్రత్యక్ష పన్నుల మీద ఫ్రాంకుకు 45 సెంటీముల చొప్పున అదనంగా వేసింది. ఫ్రాంకుకు 100 సెంటీములు. అంటే ఏటా 20 ఫ్రాంకుల పన్ను కట్టే చిన్న రైతు ఆ ఏడాది 29 ఫ్రాంకులు కట్టాలి. గణతంత్రం అంటే ఏమిటో ఇంకా పూర్తిగా తెలియని పల్లెకు ముందుగా వచ్చిన దాని గుర్తు ఈ పన్ను. పారిస్‌లో ఎవరో పని లేకుండా కూర్చుని తినడానికి మా కష్టార్జితం పోతోందని రైతు అనుకున్నాడు. పారిస్ పనివాడు మాత్రం నా విప్లవం నాకిచ్చింది రోజుకి 2 ఫ్రాంకులేనా అనుకున్నాడు. ఇద్దరి బాధలోనూ న్యాయం ఉంది.

ఏప్రిల్ ఎన్నికల్లో పల్లె ఓటు సంప్రదాయవాదులకు పడింది. జూన్‌లో పనిశాలలను ఎత్తేయడం మొదలుపెట్టారు. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లు సైన్యంలో చేరాలి, మిగతావాళ్లు దూరప్రాంతాలకు పనికి వెళ్లాలి అన్నారు. జూన్ 23 నుంచి 26 దాకా పారిస్ తూర్పు పేటలు తిరగబడ్డాయి. జనరల్ కవేన్యాక్ ఫిరంగులతో అణచేశాడు. వేలమంది చనిపోయారు, వేలమందిని అరెస్టు చేశారు, వాళ్లలో చాలామందిని అల్జీరియాకు పంపేశారు. ఫిబ్రవరిలో ఒకే బారికేడ్ వెనక నిలబడ్డ ఉదారవాది, పనివాడు జూన్‌లో దానికి చెరోవైపున ఉన్నారు. డిసెంబర్ ఎన్నికల్లో నెపోలియన్ అన్న కొడుకు... కాదు, తమ్ముడి కొడుకు లూయీ నెపోలియన్ దాదాపు నాలుగింట మూడొంతుల ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. (ఇంట్లో వరస తప్పడం నాకు మామూలే అయినా ఇది గుర్తుంచుకోవాలి: ఆ ఇంటి పేరే అతని ప్రచారమంతా.) 1851లో సభను రద్దు చేసి, మరుసటేడు చక్రవర్తి అయ్యాడు.

రెండోది ఆస్ట్రియా. అక్కడి కొత్త పార్లమెంటులో హాన్స్ కుడ్లిక్ అనే 24 ఏళ్ల రైతుబిడ్డ వెట్టిని రద్దు చేయాలని ప్రతిపాదించాడు. సెప్టెంబర్ 7న చట్టమైంది. ఇది గొప్ప విజయం. దాంతోనే ఇంకొకటి కూడా జరిగింది: రైతుకు కావాల్సింది దొరికింది, ఇంటికి వెళ్లిపోయాడు. అక్టోబర్‌లో చక్రవర్తి సైన్యం వియన్నాను చుట్టుముట్టినప్పుడు నగరవాసులు పల్లెల సాయం కోసం ఎదురుచూశారు. రాలేదు. అక్టోబర్ 31న వియన్నా పడిపోయింది.

మూడోది హంగేరీ, అన్నిటికంటే చిక్కైనది. హంగేరియన్ నాయకుడు కొషూత్ వియన్నాను అడిగింది న్యాయమైనదే: మా భాషలో, మా పార్లమెంటు, మా చట్టాలు. కానీ హంగేరీ రాజ్యంలో హంగేరియన్ భాష మాట్లాడేవాళ్లు సగం కంటే తక్కువ. మిగతావాళ్లు క్రొయేషియన్లు, సెర్బులు, స్లొవాక్‌లు, రొమేనియన్లు. మీరు వియన్నాను అడిగిందే మేం మిమ్మల్ని అడుగుతున్నాం అని వాళ్లన్నారు. కొషూత్ పక్షం అందుకు సిద్ధంగా లేదు. దేశం అంటే ఒకే జాతి, మిగతావాళ్లకు వ్యక్తిగత హక్కులుంటాయి కదా అన్నది వాళ్ల సమాధానం. ఈ పగులును వియన్నా దర్బారు వాడుకుంది. సెప్టెంబర్‌లో క్రొయేషియా పాలకుడు యెలాచిచ్ చక్రవర్తి పేరు మీద హంగేరీపైకి సైన్యంతో వచ్చాడు. అయినా హంగేరియన్లు లొంగలేదు. 1849లో రష్యా జార్ రెండు లక్షల దాకా సైన్యం దింపిన తర్వాతే, ఆగస్టులో ఆయుధాలు కింద పెట్టారు.

జర్మనీలోనూ ఇదే ముడి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొలువుదీరిన పార్లమెంటులో లాయర్లు, అధికారులు, ప్రొఫెసర్లే ఎక్కువ. బెర్లిన్‌లో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది చేతివృత్తులవాళ్లు, కూలీలు. సభలో మాత్రం అలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆస్ట్రియాతో కలిపిన పెద్ద జర్మనీయా, ఆస్ట్రియా లేని చిన్న జర్మనీయా అని నెలల తరబడి చర్చించారు. 1849 ఏప్రిల్‌లో కిరీటం ప్రష్యా రాజుకు ఇవ్వజూపారు. ఏడాది కిందట టోపీ తీసిన ఆ రాజే, జనం ఇచ్చే కిరీటం నాకొద్దన్నాడు.

చాలాచోట్ల సైన్యం మాత్రం చెక్కుచెదరలేదు. సైనికులు ఎక్కువగా పల్లె యువకులు, ఆజ్ఞ ఇచ్చేది దొరబిడ్డలైన అధికారులు. రాజులు మార్చిలో భయంతో తగ్గారే గానీ సైన్యాన్ని వదులుకోలేదు. ఓటమికి అసలు కారణం ఇదేనని కొందరు చరిత్రకారులంటారు. మార్క్స్ లాంటివాళ్లు, మధ్యతరగతి పనివాళ్లకు భయపడి రాజుల పంచన చేరిందన్నారు. అప్పటి ఉదారవాదులేమో, రాడికల్స్ తొందరపాటు జనాన్ని బెదరగొట్టిందన్నారు. నా మట్టుకు నాకు సైన్యం వాదన బలమైనదిగా కనిపిస్తుంది, కానీ అది సగమే. ఫ్రాన్స్‌లో సైన్యాన్ని దించింది రాజు కాదు, ఓట్లతో ఎన్నికైన గణతంత్ర సభ.

కమ్యూనిస్టు మేనిఫెస్టో పాత్ర ఎంత?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. అది 1848 ఫిబ్రవరిలోనే లండన్‌లో, జర్మన్ భాషలో, 23 పేజీల చిన్న పుస్తకంగా వచ్చింది. తేదీలు దగ్గరగా ఉండటంతో దానివల్లే విప్లవాలు వచ్చాయనుకుంటారు. అప్పటికి దాన్ని చదివినవాళ్లు బహు తక్కువ. పాలెర్మో తిరుగుబాటు దానికంటే ముందే మొదలైంది. దాని ప్రభావం దశాబ్దాల తర్వాతి సంగతి.

బ్రిటన్ ఎలా తప్పించుకుంది?

లండన్‌లోనూ ఏప్రిల్ 10న చార్టిస్టులు భారీ సభ పెట్టారు. మగవాళ్లందరికీ ఓటు కావాలన్నది వాళ్ల ముఖ్య కోరిక. వేలాది ప్రత్యేక కానిస్టేబుళ్లను దించారు. సభ ప్రశాంతంగా ముగిసింది.

దీనికి మామూలుగా చెప్పే కారణం, 1832లోనే మధ్యతరగతికి ఓటు ఇవ్వడం, 1846లో విదేశీ ధాన్యం మీద సుంకాలు ఎత్తేయాలని నిర్ణయించడం. అంటే ఉదారవాదికీ పనివాడికీ మధ్య పొత్తు కుదరకుండా ముందే చూసుకున్నారు. ఇది నిజమే.

దీనికి తోడు ఇంకో వాదన ఉంది, మన వైపు నుంచి చూసేవాళ్లు దాన్ని పట్టించుకోవాలి. ఇంట్లో పన్నులు పెంచకుండా నెగ్గుకురావడానికి బ్రిటన్ ఆ భారాన్ని వలసల మీదికి నెట్టిందని కొందరు చరిత్రకారులంటారు. దీనికి సిలోన్ (నేటి శ్రీలంక) ఒక ఉదాహరణ. 1848లో అక్కడి గవర్నర్ టోరింగ్టన్ తుపాకులకు, కుక్కలకు, దుకాణాలకు పన్నులు వేశాడు. రోడ్ల పనికి ఏడాదికి ఆరు రోజులు ఒళ్లు వంచాలి, లేదా డబ్బు కట్టాలి. జులైలో మాతలేలో జనం తిరగబడ్డారు. సైనిక చట్టం పెట్టి అణచేశారు, నాయకుడు పురన్ అప్పును ఆగస్టు 8న కాల్చి చంపారు. ఐరోపాలో రైతు మెడ మీది వెట్టి పోతున్న నెలల్లోనే ఇక్కడ కొత్త వెట్టి వచ్చింది. ఒక్క సిలోన్‌ను చూసి బ్రిటన్ మొత్తం ఇలాగే తప్పించుకుందని తేల్చడం కష్టం. కానీ సిలోన్‌ను వదిలేసి బ్రిటన్ కథ చెప్పడం కూడా సరికాదు.

అదే ఏడాది మిగతా ప్రపంచంలో

జనవరిలో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. తొమ్మిది రోజులకే మెక్సికో ఆ ప్రాంతాన్ని, దానితో పాటు ఇంకా ఎంతో భూభాగాన్ని కోటిన్నర డాలర్లకు అమెరికాకు వదులుకుంటూ సంతకం చేసింది. బంగారం సంగతి ఆ సంతకం పెట్టినవాళ్లకు తెలియదు. జులైలో అమెరికాలోని సెనెకా ఫాల్స్‌లో స్త్రీల హక్కుల సదస్సు జరిగింది. అక్కడి ప్రకటనపై 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు సంతకం చేశారు. ‘అందరికీ ఓటు’ అన్న ఫ్రాన్స్‌లో ఆ అందరిలో స్త్రీలు లేరు, 1944 దాకా రాలేదు.

మన దేశానికి డల్హౌసీ ఆ జనవరిలోనే గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. సతారా సంస్థానాన్ని కలిపేసుకున్నాడు. ముల్తాన్ తిరుగుబాటు రెండో సిక్కు యుద్ధానికి దారితీసింది. పుణేలో ఫూలే దంపతులు ఆడపిల్లల బడి తెరిచారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట పని సాగుతోంది, 1852లో పూర్తయింది. ఆ పక్కనే రాజమండ్రిలో ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం పుట్టారు. మన లెక్కలో అప్పుడది కీలక నామ సంవత్సరం.

ఓడిపోయినట్టేనా?

1850 నాటికి, ఫ్రాన్స్‌ను పక్కనపెడితే, చాలాచోట్ల గద్దెల మీద రాజులే ఉన్నారు. అది చూస్తే ఓటమే. ప్రష్యాలో అయితే ఓటు ఇచ్చినట్టే ఇచ్చి విలువ తీసేశారు. 1849లో తెచ్చిన మూడు తరగతుల పద్ధతి ఎలా ఉంటుందంటే, ఒక ఊళ్లో మొత్తం పన్ను 300 అనుకోండి. ఒక్క జమీందారే 100 కడతాడు, అయిదుగురు వ్యాపారులు కలిసి 100, మిగతా 94 మంది కలిసి 100. మూడు గుంపులకూ సమానమైన ప్రాతినిధ్యం. అంటే జమీందారు ఒక్కడి మాట 94 మంది మాటతో సమానం. ఇది 1918 దాకా నడిచింది.

రెండో వైపు చూస్తే, ఆస్ట్రియాలో వెట్టి మళ్లీ తేవడానికి ఏ చక్రవర్తీ సాహసించలేదు. స్విట్జర్లాండ్ 1848లోనే సమాఖ్య రాజ్యాంగం రాసుకుంది. నెదర్లాండ్స్‌లో రాజు రాత్రికి రాత్రి మనసు మార్చుకుని సంస్కరణలకు ఒప్పుకున్నాడు. డెన్మార్క్‌లో నిరంకుశ రాచరికం పోయింది. ఇటలీలోని పీడ్‌మాంట్ రాజు ఆ మార్చిలో ఇచ్చిన రాజ్యాంగమే తర్వాత మొత్తం ఇటలీకి రాజ్యాంగమై, వందేళ్లు ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ సభ రాసిన పౌరహక్కుల జాబితా 1949 నాటి జర్మనీ రాజ్యాంగానికి ఆధారాల్లో ఒకటి. కూలిపోయినవాటిని చూసేవాళ్లు ఓటమి అంటారు, మిగిలినవాటిని చూసేవాళ్లు ఆలస్యమైన గెలుపు అంటారు. ఎవరి కోరిక అన్న ప్రశ్న వేసుకుంటే ఇద్దరి మాటా అర్థమవుతుంది: వెట్టి పోవాలన్న రైతు గెలిచాడు, పని హక్కు అడిగిన పారిస్ కూలీ ఓడాడు, జర్మన్ జాతీయవాది 1871 దాకా ఆగాడు.

ఆ గెలుపుల్లో ఒకటి మన తీరాన్ని కూడా తాకింది. 1848 ఏప్రిల్ 27న ఫ్రెంచ్ గణతంత్రం తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. ఫ్రెంచ్ ఇండియాకు పారిస్ సభలో ఒక సీటు కూడా ఇచ్చింది. మన యానాం అప్పుడు ఫ్రెంచ్ ఇండియాలో భాగం. హిందూ మహాసముద్రంలోని రెయూనియన్ దీవిలో ఆ డిసెంబర్ 20న 60,000 మందికి పైగా బానిసలు స్వేచ్ఛ పొందారు. చెరకు తోటల యజమానులకు కూలీలు కావాలి. యానాం నుంచి తెలుగు కూలీలను ఆ దీవికి తీసుకెళ్లిన అనుభవం వాళ్లకు 1820ల చివరి నుంచే ఉంది. బానిసత్వం పోయాక ఒప్పంద కూలీల ఓడలు భారత తీరం నుంచి ఇంకా పెద్ద ఎత్తున బయల్దేరాయి. వేలిముద్ర వేసి అయిదేళ్లకు కట్టుబడి వెళ్లినవాళ్లలో తమిళులు ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడే ఉంది. డిసెంబర్ 20 ఇప్పటికీ ఆ దీవిలో సెలవు రోజు. బానిసల వారసులు, వాళ్ల స్థానంలో తోటల్లోకి వచ్చిన కూలీల వారసులు ఆ పండుగను ఒకే వీధుల్లో చేసుకుంటారు.